ఏరివేత

రాత్రి పదకొండున్నర.
రేణిగుంట రోడ్డులో మా ఆఫీసు మేడ మీద
మూడో పేజీకి శీర్షిక ఒక్కటే బాకీ.

కరకంబాడి దగ్గర అపార్ట్‌మెంటు కడుతున్న చోట
రేకుల షెడ్డులోంచి పంతొమ్మిది మందిని
వ్యానెక్కించారట.
కోదండం ఫోన్లో గస పోసుకుంటా చెప్తున్నాడు:
"కాగితాలు చూపిచ్చినారు సార్,
నిజమో కాదో ఇంకా తేల్లేదు.
పేర్లు పంపిస్తా, ఏస్తే ఏయండి."

పంపాడు. పేర్లకు చోటు లేదన్నాను.

నాలుగు కాలమ్‌లు, లావు అక్షరం,
పైవరుసకు ఆరే పడతాయి.
'తాపీ పనివాళ్ళు' అని కొట్టాను. సరిగ్గా ఆరు.
కానీ అందులో వార్త లేదు.
'వలస కూలీలు'. అదీ ఆరే.
రోజూ ఉండేదే, ఎవరు చదువుతారు?
మునిరత్నం గారు నా భుజం మీదుగా వంగి
చల్లారిన టీ చప్పరిస్తూ అన్నారు:
"చొరబాటుదార్లు."
ఆరు.
తలుపుకు గడియ పడ్డట్టు పడింది.

కింది వరుస మాత్రం నాదే.
ఎవరూ అడక్కుండా నేనే ఇచ్చాను:
'ఏరివేత మొదలు'.

ఆ మాట నాకు మా అమ్మ చేటలోంచి వచ్చింది.
స్టోరు బియ్యంలో రాళ్ళు ఏరేది,
వేళ్ళకు కళ్ళున్నట్టు.
అనుమానమొచ్చిన గింజను
వెలుతురు వైపు ఎత్తి, తిప్పి చూసి
మళ్ళీ బియ్యంలోనే వేసేది.
నేను ఆ తిప్పి చూడటాన్ని వదిలేసి
మాటను మాత్రం తెచ్చుకున్నాను.

తెల్లారి లీలామహల్ సెంటర్లో
టీ బంకు దగ్గర
నా మాట నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది.
"ఏరేయాల్సిందేబ్బా,
చెదలు పట్టినట్టు పట్టేసినారు ఊరంతా."
"వేలల్లో దిగినారంట గదా."
పంతొమ్మిది మంది, అన్నాను.
"నీకేం తెలుసునా, పేపర్లోనే ఏసినారు చూడు"
అని నా పేజీనే నా ముందు పరిచాడు.

సాయంత్రానికి కొర్లగుంటలో
బరంపురం వంటమనిషి పరశురాం సాహును
ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.
ఆరేళ్ళుగా పెళ్ళిళ్ళకు పులిహోర కలిపినవాడు.
మాట తేడాగా ఉందట.

మా నాగభూషణమ్మ పిన్ని
కువైట్‌లో నాలుగేళ్ళు ఖల్లివెల్లి.
సేటు కొడితే గోడ దూకి
కాగితాల్లేకుండా, నలుగురు ఆడవాళ్ళతో ఒక గదిలో
వంతులేసుకుని పడుకునేది.
పీలేరులో మా ఇంట్లో ఎవరూ ఆమెను
దొంగ అనలేదు.
"పాపం, బయట చేసుకుంటా ఉంది" అనేవాళ్ళు.
ఆ 'బయట'లో ఎంత చోటుండేదో!
పోలీసు భయమూ, సగం మంచమూ,
నెల నెలా మా స్కూలు ఫీజూ
అన్నీ పట్టేవి.

అక్కడి పేపరు కుడి నుంచి ఎడమకు
ఆమెను ఏమని రాసిందో.
ఆ అక్షరాలు మాకు రావు గనక
మేం నొచ్చుకోలేదు.

నాలుగో రోజు కోదండం మళ్ళీ ఫోన్ చేశాడు.
పదకొండు మందివి నిజం కాగితాలే, ముర్షిదాబాదోళ్ళు.
ఆరుగురివి ఇంకా చూస్తున్నారు.
ఇద్దరికి అసలు లేవు.
ఇద్దరు, అని నేనూ పైకే అన్నాను,
చెదల లెక్కలోకి రాని సంఖ్య.
తొమ్మిదో పేజీలో ఒక్క కాలమ్, ఏడు లైన్లు.
వినాయకుడి విగ్రహాల ప్రకటన కింద.
టీ బంకు దగ్గర ఆ పేజీలో
బోండాలు కట్టిచ్చారు.

పేర్లు ఇంకా నా ఫోన్లోనే ఉన్నాయి.
రాత్రి డెస్కులో ఎవరూ లేనప్పుడు
పాత పేజీ తెరిచి, పైవరుస తుడిచి
ఒక పేరు కొట్టి చూశాను:
ముర్సెలిమ్ షేక్.
పొల్లులతో కలిపి ఆరు.
పట్టింది.

మెట్ల మీద మునిరత్నం గారి చెప్పుల చప్పుడు.
చెరిపేశాను.